డిసెంబరులో కుదిరిన ఓవర్‌క్లాక్ మే నెలలో ఎందుకు కూలుతోంది?

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు. ఉద్యోగం చెన్నైలో, ఉండేది వేళచ్చేరిలో, పై అంతస్తు గది. ఏడాదిన్నర కిందట ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080, 10 జీబీ గ్రాఫిక్స్ కార్డు తీసుకున్నా, వారంటీ లేదు. ప్రాసెసర్ రైజన్ 5600ఎక్స్, పవర్ సప్లై 650 వాట్లు. డిసెంబరులో కార్డుని ఓవర్‌క్లాక్ చేశా, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువలో నడిపించా. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంలో కోర్‌కి, అంటే అసలు చిప్‌కి +120, మెమరీకి +800 మెగాహెర్ట్జ్ పెట్టా. నాలుగు నెలలు ఏ గొడవా లేదు. ఏప్రిల్ చివరి నుంచి గేములు క్రాష్ అవుతున్నాయి. పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్ అయితే గంట ఆడాక డెస్క్‌టాప్‌కి వచ్చేస్తోంది, పాత చిన్న గేమ్ మెనూలోనే పోతోంది, రెండు సార్లు పీసీ మొత్తం ఆగిపోయి మళ్లీ ఆన్ అయింది. కార్డు మీద పూర్తి భారం వేసి చూసే ఫర్‌మార్క్ టెస్ట్ అరగంట పెడితే మాత్రం ఏమీ కాదు! డ్రైవర్ మార్చా, విండోస్ కూడా మళ్లీ వేశా. షాపతను "కార్డు పోతోంది, 12 వేలకి ఇచ్చేసి కొత్తది తీసుకో" అంటున్నాడు. నిజంగా పోయిందా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 12 వేలకి కార్డు ఇవ్వకు. కనీసం ఈ నెల ఇవ్వకు. నీ ఉత్తరంలో కనిపించేది ఒక జబ్బు కాదు, రెండో మూడో కలిసిపోయి ఉన్నాయి, అన్నిటికీ కలిపి "క్రాష్" అని ఒకే పేరు పెట్టేశావు కాబట్టే విండోస్ మళ్లీ వేసినా తెగలేదు. గేమ్ ఒక్కటే మూసుకుపోవడం వేరు, స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ రావడం వేరు, పీసీ మొత్తం ఆగిపోవడం పూర్తిగా వేరు. వీటిని విడదీస్తే సగం పని అయినట్టే.

ఈ రాత్రి చెయ్యాల్సింది ఒక్కటే. ఆఫ్టర్‌బర్నర్‌లో నీ సెట్టింగ్‌ని ప్రొఫైల్‌గా దాచుకుని, రీసెట్ నొక్కి, విండోస్‌తో పాటు ఓవర్‌క్లాక్ కూడా మొదలయ్యే ఆ చిన్న బటన్ ఆపెయ్. ఆ బటన్ సంగతి మర్చిపోయేవాళ్లు చాలామంది, "నేను స్టాక్‌లోనే, కంపెనీ వేగంలోనే ఆడుతున్నా" అంటారు, రీస్టార్ట్ అయిన ప్రతిసారీ +120 తిరిగొచ్చి కూర్చుంటుంది. నాలుగు రోజులు స్టాక్‌లో, ఇప్పుడు ఆడుతున్న గేములే, ఆడే టైముకే ఆడు. చల్లగా ఉందని తెల్లవారుజామున టెస్ట్ చేసి బాగుందనుకోవద్దు.

"నాలుగు నెలలు బాగా పనిచేసిందిగా, ఓవర్‌క్లాక్ తప్పెలా అవుతుంది?" అనుకుంటావని తెలుసు. ఆ నాలుగు నెలలు ఎప్పుడు? డిసెంబరు నుంచి మార్చి. మనకు రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, చెన్నైలో దానికి ముందే అగ్ని నక్షత్రం అని మే నెలంతా ఎండ కాల్చేస్తుంది, పైగా నీది మొట్టమాడి (డాబా) కింద గది, పగలంతా స్లాబ్ తాగిన వేడి రాత్రి పదింటికి కూడా కిందికి దిగుతూనే ఉంటుంది. గది 26 డిగ్రీల నుంచి 36కి వెళ్తే, ఫ్యాన్లు అదే వేగంలో తిరిగితే, కార్డు కూడా దాదాపు ఆ పదీ ఎక్కుతుంది. చిప్ ఎంత వేడెక్కితే అదే వేగంలో నిలబడటానికి అంత ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. నువ్వు పెట్టిన +120 వోల్టేజీ పెంచదు, ఉన్న వోల్టేజీకే ఎక్కువ మెగాహెర్ట్జ్ చెయ్యమంటుంది. 62 డిగ్రీల దగ్గర సర్దుకుపోయిన చిప్ 72 దగ్గర లెక్క తప్పుతుంది. నువ్వు డిసెంబరులో రుజువు చేసింది డిసెంబరు గదికి మాత్రమే.

ఇక ఫర్‌మార్క్ బాగానే తిరిగి చిన్న గేమ్ మెనూలో పోవడం. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఇదే. వింతగా కనిపిస్తుంది గానీ ఇది ఓవర్‌క్లాక్ వేలిముద్ర లాంటిది. ఎన్‌విడియా కార్డులకి ఒకే స్థిరమైన వేగం ఉండదు. ఏ వోల్టేజీకి ఎంత వేగం అని లోపల ఒక గీత ఉంటుంది, పవరూ వేడీ ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు ఆ గీత మీద పైకి పోతుంది. నువ్వు +120 అన్నప్పుడు ఆ గీత మొత్తం పైకి జరిగింది. ఫర్‌మార్క్ లాంటి భారం పడితే కార్డు వెంటనే 320 వాట్ల హద్దు తగిలి వేగం బాగా తగ్గించుకుంటుంది, అంటే నువ్వు పెంచిన పై భాగాన్ని అది తాకనే తాకదు. మెనూలోనో పాత గేమ్‌లోనో పని తక్కువ, పవర్ మిగులుతుంది, కార్డు ఏకంగా గీత చివరికి, 2000 మెగాహెర్ట్జ్ దాటి పోతుంది. సాయంత్రం టైడెల్ పార్క్ సిగ్నల్ దగ్గర 20లో పాకే బండికి చక్రం వంకరగా ఉన్నా తెలీదు, అదే బండిని రాత్రి రెండింటికి ఖాళీ ఓఎంఆర్ హైవే మీద తోలితే హ్యాండిల్ చేతిలో నిలవదు. ఫర్‌మార్క్ నీకు ఇచ్చింది సిగ్నల్ దగ్గర సర్టిఫికెట్. నన్నడిగితే ఓవర్‌క్లాక్ పరీక్షకి దాన్ని వాడటమే మానెయ్యాలి. భారం మారుతూ ఉండే నిజమైన గేమ్, త్రీడీమార్క్ టైమ్ స్పై స్ట్రెస్ టెస్ట్, మెమరీకి ఓసీసీటీలో ఉండే వీర్యామ్ టెస్ట్, ఇవి చాలు.

స్టాక్‌కి వచ్చాక కూడా మెనూలో పోతే? అప్పుడు ఇంకో మెట్టు దిగాలి, ఎందుకంటే నీ కార్డు కంపెనీ నుంచే ఓవర్‌క్లాక్ అయి వచ్చిన మోడల్ అయి ఉండొచ్చు. పెట్టె మీద ఓసీ అని రాసుంటుంది, సెకండ్ హ్యాండ్‌లో పెట్టె ఎవరిస్తారులే. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో హెల్ప్ మెనూ కింద డీబగ్ మోడ్ అని ఉంటుంది, అది పెడితే కార్డు ఎన్‌విడియా అసలు వేగానికి దిగుతుంది. అది కనబడకపోతే ఆఫ్టర్‌బర్నర్‌లో కోర్ -75 పెట్టు, దాదాపు అదే పని చేస్తుంది. ఈ సిరీస్‌కి ఈ చరిత్ర పుట్టుకతోనే ఉంది. 2020 సెప్టెంబరు 17న 3080 అమ్మకానికి వచ్చింది, వారం తిరక్కుండానే, ముఖ్యంగా ఓసీ మోడళ్లు, 2000 మెగాహెర్ట్జ్ దగ్గర పడగానే గేములోంచి డెస్క్‌టాప్‌కి పడిపోతున్నాయని గోల మొదలైంది. కార్డు వెనక కెపాసిటర్ల రకం మీద పెద్ద వాదనే నడిచింది. ఆ నెల 28న 456.55 డ్రైవర్ వచ్చాక చాలామందికి తగ్గింది. ఓవర్‌క్లాక్ ముట్టుకోకుండా కొత్త కార్డులే అంచు మీద నడిచాయి, దాని మీద నువ్వు ఇంకో 120 ఎక్కించావు, అదీ ఎన్నేళ్లు ఎవరు వాడారో తెలియని కార్డు మీద.

అది వాడిందెవరన్న మాట ఎందుకు తెచ్చానంటే, గంట ఆడాక పోయే పెద్ద గేమ్ సంగతి అక్కడే ఉంది. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకుంది, గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వుకోవడం, అదే మైనింగ్, ఆ రోజుతో ఆగిపోయింది, తవ్వకాల్లో వాడిన కార్డులు సెకండ్ హ్యాండ్ బజారుకి వచ్చాయి. నీదీ అలాంటిదేనని నేను చెప్పలేను, మైనింగ్ చేసిన కార్డంతా చెత్త అనీ అనను, చిప్‌కి పెద్దగా ఏమీ కాదు. దెబ్బ తినేది మెమరీ మీద అంటించిన థర్మల్ ప్యాడ్లు, అంటే వేడిని పైన ఉన్న హీట్‌సింక్‌కి దాటించే మెత్తటి పట్టీలు. 3080లో ఉన్నది జీడీడీఆర్6ఎక్స్ మెమరీ, మామూలుగానే వేడి ఎక్కువ. నెలల తరబడి రాత్రీ పగలూ కాలితే ప్యాడ్ ఎండిపోయి వేడిని దాటించడం మానేస్తుంది.

ఆఫ్టర్‌బర్నర్ చూపించే టెంపరేచర్‌ని నమ్ముకుని "నాది 75 దాటలేదన్నా" అంటారు, అది కోర్‌ది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం పెట్టుకుని మెమరీ జంక్షన్ (మెమరీ లోపలి వేడి) అనే వరస చూడు, గంట ఆడుతూ. 90ల్లో ఉంటే ఈ కార్డుకి మామూలే. 100 దాటి ఎక్కుతూనే ఉంటే ప్యాడ్ల మీద అనుమానం పెట్టుకో. 110 దగ్గరికి వస్తే కార్డు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, గేమ్ ఉన్నట్టుండి నత్తనడక అవుతుంది. అక్కడే హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడి చోటు) అనే వరస కూడా ఉంటుంది, కోర్ కన్నా అది పదో పదిహేనో ఎక్కువుంటే పర్లేదు, పాతిక ముప్పై తేడా వస్తోందంటే చిప్ నుంచి వేడిని దాటించే పేస్ట్ పోయింది.

నువ్వు పెట్టిన మెమరీ +800 గురించి ఒక మాట. ఈ రకం మెమరీలో తప్పు దొర్లితే పట్టుకుని ఆ డేటాని మళ్లీ పంపించే ఏర్పాటు ఉంది. అందుకని పాత కార్డుల్లోలాగా స్క్రీన్ మీద రంగు చుక్కలు, గళ్లు వచ్చి హెచ్చరించకపోవచ్చు, లోలోపల పంపిందే పంపుకుంటూ ఫ్రేములు తగ్గిపోతుంటాయి. +800 పెట్టి "స్టేబుల్" అనుకున్నవాళ్లలో కొందరికి +400 దగ్గరే ఎక్కువ ఫ్రేములు వచ్చేవి, కొలుచుకోలేదంతే. వందా రెండొందలు పెంచుకుంటూ ప్రతిసారీ స్కోరు రాసుకో, ఎక్కడ పెరగడం ఆగిందో దానికి కాస్త కిందే ఆగు. కానీ ఇప్పుడు కాదు, ఎండలు తగ్గాక.

ఇప్పుడు పీసీ మొత్తం ఆగిపోయిన ఆ రెండు సార్లు. దీన్ని మాత్రం కార్డు ఖాతాలో రాయొద్దు, ఓవర్‌క్లాక్ కుదరకపోతే గేమ్ పోవడం, డ్రైవర్ పోవడం, నీలం స్క్రీన్ రావడం మామూలుగా జరిగేవి, కరెంటు తీసేసినట్టు టప్పున ఆగడం మామూలుగా పవర్ సప్లై వైపు వేలు చూపిస్తుంది. కూడి చూస్తే నీ 650 సరిపోవాలి, కార్డు 320, ప్రాసెసర్ 76, మిగతావన్నీ కలిపినా 450 చుట్టూ తిరుగుతుంది. కానీ 3080కి ఎన్‌విడియా అడిగింది 750 వాట్లు, ఊరికే అడగలేదు, ఈ కార్డులు మిల్లీసెకన్ల పాటు తమ హద్దుకి చాలా పైకి కరెంటు లాగి వదులుతాయి, సగటులో అది కనబడదు, పవర్ సప్లైలో ఉన్న రక్షణకి మాత్రం కనబడుతుంది, అది భయపడి ఆపేస్తుంది. ఓవర్‌క్లాక్‌తో పాటు పవర్ లిమిట్ కూడా కుడి చివరికి జరిపి ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు.

ఒకసారి క్యాబినెట్ తెరిచి కార్డుకి వెళ్లే వైర్లు చూడు. పవర్ సప్లై నుంచి ఒకే కేబుల్ వచ్చి దాని చివర రెండు 8 పిన్ కనెక్టర్లు తోకల్లా వేలాడుతూ ఉంటే, ఆ రెండూ కార్డుకే గుచ్చి ఉంటే, అది మార్చు. ఒక్కో 8 పిన్ కనెక్టర్‌కి లెక్క 150 వాట్లు, మదర్‌బోర్డు స్లాట్ నుంచి వచ్చేది 75. విడివిడిగా రెండు కేబుళ్లు లాగితే భారం పంచుకుంటాయి. నేను ఇది సొంత ఖర్చుతో నేర్చుకున్నా. అడయార్‌లో ఉన్నప్పుడు ఇలాంటి కార్డుతోనే మూడు వారాలు గుద్దుకున్నా, డ్రైవర్లు మార్చా, ర్యామ్ పీకి పెట్టా, కార్డు విప్పి పేస్ట్ కూడా మార్చా. పీసీ కట్టిచ్చిన షాపతను పెట్టెలో రెండో కేబుల్ ఉండగానే వైర్లు నీట్‌గా కనిపించాలని ఒకే కేబుల్‌తో సరిపెట్టాడు. రెండో కేబుల్ గుచ్చిన రోజు నుంచి ఒక్కసారీ ఆగలేదు. ఆ పెట్టె అటక మీదే ఉంది మూడు వారాలూ.

ఇంకోటి, నవ్వకు, పీసీ ఆగినప్పుడు ఫ్యాను కూడా ఒక్క క్షణం నెమ్మదించిందా? రౌటర్ లైట్లు ఆరి వెలిగాయా? మే నెల రాత్రి వీధిలో ప్రతి ఇంటా ఏసీ నడుస్తుంటే ఈబీ (కరెంటు బోర్డు) వోల్టేజీ ఊగడం మామూలే, ఆ ప్లగ్గు ఇంటి ఇన్వర్టర్ లైన్ మీద ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో పీసీ పడిపోవచ్చు. అలాంటి దానికి గ్రాఫిక్స్ కార్డు అమ్ముకుంటే ఎంత బాధ!

వీటిలో ఏది జరిగిందో విండోస్ రాసిపెట్టే ఉంచుతుంది. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరిచి, క్రాష్ అయిన నిమిషం చుట్టుపక్కల చూడు. ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అని నోరు తిరగని పేరుతో ఎర్రర్ ఉన్నా, డిస్‌ప్లే అనే పేరు మీద 4101 ఉన్నా కార్డు సమాధానం చెప్పక డ్రైవర్ పడిపోయిందని అర్థం, విండోస్ దానికిచ్చే గడువు రెండు సెకన్లు. కెర్నల్ పవర్ 41 చూసి కంగారు పడేవాళ్లు చాలామంది, అది కారణం కాదు, "పద్ధతిగా షట్‌డౌన్ కాలేదు" అని తర్వాత రాసుకున్న డైరీ మాత్రమే. డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు రాసేది) 18 కనిపిస్తే కార్డు కన్నా ముందు ప్రాసెసర్ వైపు చూడు, 5600ఎక్స్‌లో కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజీ తగ్గించి ఉంటే దాన్ని తీసెయ్. ఆ రెండు సెకన్ల గడువుని రిజిస్ట్రీలో పదికి పెంచుకోమని సలహాలు తిరుగుతుంటాయి. చెయ్యకు. తప్పు లెక్క చేస్తున్న కార్డుకి ఎనిమిది సెకన్లు ఎక్కువిస్తే ఆ ఎనిమిది సెకన్లు స్క్రీన్ బిగుసుకుపోయి ఉంటుంది, అంతే.

ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ, అంటే దాని వేగం పెంచే సెట్టింగ్, పెట్టి ఉంటే అది కూడా ఓవర్‌క్లాకే, ఒక రాత్రి బయోస్‌లో ఆపి చూడు. గేమ్ చూపించే ఎర్రర్ మాటల్ని కూడా పూర్తిగా నమ్మొద్దు. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్ల గొడవలో గేములు "వీడియో మెమరీ చాలలేదు" అని చూపించేవి, అందరూ కార్డుని తిట్టుకున్నారు, తీరా చూస్తే తప్పు ప్రాసెసర్‌ది, 2024లో ఇంటెలే ఒప్పుకుని వారంటీ రెండేళ్లు పెంచింది. నీది రైజన్ కాబట్టి ఆ బాధ నీకు లేదు.

సరే, నాలుగు రోజుల తర్వాత ఏం చెయ్యాలి. స్టాక్‌లో క్రాష్‌లన్నీ ఆగిపోతే కార్డు బాగుంది, గొడవ నీ +120ది. -75 పెడితేనే క్రాష్‌లు ఆగితే కార్డు కొంచెం అలిసిందని అర్థం, ఆ డెబ్బై అయిదు మెగాహెర్ట్జ్ పోతే నీ కంటికి తేడా కూడా తెలీదు, అమ్మేసేంత జబ్బు కాదు. -150 పెట్టినా, కేబుళ్లు మార్చినా, వేరే పవర్ సప్లై మీద పెట్టినా ఇంకా మెనూలో పోతుంటే అప్పుడు షాపతని మాట నిజం కావచ్చు. అప్పటికీ ముందు స్నేహితుడి పీసీలో పెట్టి చూడు, నీ కార్డు అక్కడా పోతేనే కార్డుది తప్పు.

మెమరీ జంక్షన్ 104, 106 అంటుంటే ప్యాడ్లు మార్పించు. నువ్వే విప్పుతానంటే కాదనను, కానీ ప్యాడ్ మందం మోడల్‌ని బట్టి మారుతుంది, అర మిల్లీమీటర్ మందం ఎక్కువైతే హీట్‌సింక్ చిప్‌ని సరిగ్గా తాకదు, మెమరీ చల్లబడి కోర్ కాలుతుంది. మొదటిసారి అయితే పని తెలిసినవాడి చేత చేయించు. సర్వీస్ అని చెప్పి పేస్ట్ ఒక్కటే రాసి పాత ప్యాడ్లే మళ్లీ అంటించేవాళ్లు ఉంటారు, ఎదురుగా కూర్చో, మందం ఎంత వేస్తున్నావని అడుగు. "ఏదైనా ఒకటేలే తంబీ" అంటే కార్డు తీసుకుని వచ్చెయ్.

ఇంత చెప్పాక కూడా నీకు ట్యూనింగ్ దురద ఉంటుంది, నాకూ ఉంది, దాన్ని తిరగేసి వాడుకో. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే నేను చెప్పిన ఆ గీత కనిపిస్తుంది. అడుగున 850 మిల్లీవోల్టుల దగ్గర ఉన్న చుక్కని 1800 మెగాహెర్ట్జ్‌కి తెచ్చి, దాని కుడివైపున్నవన్నీ అదే ఎత్తులో చదునుగా చేసి టిక్ కొట్టు. ఒక్కో కార్డు ఒక్కో రకం, నీది 1800 దగ్గర నిలవకపోతే 1770కి దిగు. ఇలా పెడితే 320 లాగే కార్డు చాలా గేముల్లో 250 చుట్టుపక్కల ఆగుతుంది, వేగం మాత్రం స్టాక్‌కి కాస్త అటూ ఇటూ, చిన్న గేమ్ మెనూలో కూడా 1800 దాటి పోయే దారే ఉండదు. నీ +120 ఇచ్చిందేమిటి, పవర్ హద్దు తగిలిన కార్డు మీద 60 ఫ్రేములుంటే 62. ఇక్కడ మిగిలేది 70 వాట్ల వేడి, అదంతా నీ గదిలోకే వచ్చి పడేది. టన్ను ఏసీ లాగేసే వేడి 3500 వాట్లు, ఆడేటప్పుడు పీసీ ఒక్కటే 450 వాట్ల పొయ్యిలా ఆ గదిలో కూర్చుంటుంది, ఈబీ బిల్లు భయంతో ఏసీ రాత్రి పదకొండు దాకా వెయ్యని గదిలో దాని లెక్క నీకే బాగా తెలుసు. ఈ సెట్టింగ్‌ని కూడా మధ్యాహ్నం ఏసీ లేకుండా పరీక్షించు. అప్పుడు నిలబడితే డిసెంబరులో దానికి ఢోకా లేదు.

పవర్ సప్లై మార్చాల్సి వస్తే 750 తీసుకో, వాట్లు చూసి మురిసిపోయి పేరులేని 850 తెచ్చుకోకు. ముందు నీ పాత పవర్ సప్లై పెట్టెలో కార్డుకి గుచ్చే రెండో 8 పిన్ కేబుల్ (పీసీఐఈ అని రాసుంటుంది) ఉందేమో వెతుకు. వేరే పవర్ సప్లై కేబుల్ తెచ్చి గుచ్చొద్దు, కార్డు వైపు ఒకేలా ఉన్నా పవర్ సప్లై వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, తప్పుడుది గుచ్చితే ఈసారి కార్డు నిజంగానే పోతుంది. కొనాలంటే శనివారమే వెళ్లు, ఆదివారం రిచీ స్ట్రీట్‌లో చాలా షాపులు తెరవరు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అంకెలు, ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించింది, కేబుల్ ఫోటో, ఈ మూడూ పట్టుకుని మళ్లీ రాయి.